భుజం కొలత

నల్ల జీపు కొట్టు ముందు ఆగగానే
మిషను తొక్కుతున్న నా కాలు దానంతటదే ఆగింది.
పన్నెండేళ్లయినా కాళ్లకి గుర్తే,
ఏ బండి చప్పుడుకి లేచి పరుగెత్తాలో.

"పా మొర్లాయ్, కోటు కావాలి. శుక్రవారం ప్రమాణం."
కాబోయే ఉపాధ్యక్షుడు బలన్సామా
గుమ్మంలో తల వంచి లోపలికొచ్చాడు.
అప్పట్లో వంచేవాడు కాదు,
గుమ్మాన్నే పీకించేవాడు.

రాజధానిలో పెద్ద పెద్ద దర్జీలున్నారు కదా అన్నాను.
"నా ఒంటి సంగతి నీకు తెలుసు" అన్నాడు.
మెచ్చుకోలో, బెదిరింపో.
ఆ రెండూ అతని గొంతులో ఒకే దారంతో కుట్టి ఉంటాయి.

టేపు వేశాను.
ఛాతీ నలభై రెండు. నడుము నలభై నాలుగు.
మెడ దగ్గర ఏదో ఖరీదైన సీసా వాసన.
అంగరక్షకుడు నా కత్తెర వైపే చూస్తున్నాడు,
అది నా చేతిలో లేదు కూడా,
బల్ల మీద, సుద్దముక్క పక్కన ఉంది.

కుడి భుజం దగ్గర టేపు తడబడింది.
ఎడమ భుజం కన్నా ముప్పావు అంగుళం దిగువ.
తొమ్మిదేళ్లు తుపాకీ బెల్టు వేలాడిన చోట
ఎముకకి గాడి పడింది.
తిండి వచ్చి నడుమంతా నింపింది గానీ
ఆ గాడి జోలికి పోలేదు.

"సరిచెయ్యగలవా?"
"లోపల బూరుగుదూది పెడతాను. కనపడదు."

పాత కొలతల పుస్తకం తీశాను, తియ్యకూడదేమో.
అలవాటు. పాత గిరాకీకి పాత పేజీ.
వాన తాగి ఉబ్బిన కాగితం:
బలన్సామా, ఛాతీ ముప్పై నాలుగు, నడుము ఇరవై ఎనిమిది.
కింద నలభై పేర్లు, ఒకే రాత్రి రాసినవి.
లాంతరు పట్టుకున్నది నా భార్య యాబోమ్.
తెల్లారేసరికి చొక్కాలు కావాలన్నారు.
గుడ్డ చాలక ఆసుపత్రి తెరలు కత్తిరించాను.
డబ్బు? "దేశం చేతికొచ్చాక" అన్నాడు.

చివరి పేరు సయో. ఛాతీ ఇరవై నాలుగు.
ఆ కొలతకి నా దగ్గరున్నది బడి చొక్కా కత్తిరింపు ఒక్కటే.
అదే వేసి కుట్టాను.
జేబులు మాత్రం రెండు వైపులా పెట్టమన్నారు,
తూటాలకి.

అతను నా వెనక నిలబడి చదివాడు.
మరిచిపోయి ఉంటాడనుకున్నాను.
మరిచిపోతే నాకు సులువయ్యేది.
"వీడు ఈల వేసేవాడు" అన్నాడు,
"వేస్తే పిట్టలు తిరిగి పలికేవి. వంతెన దగ్గర..."
గడియారం చూసుకున్నాడు.
బయట వ్యానువాడెవడో హారన్ నొక్కబోయి
జీపుని చూసి మానుకున్నాడు.

"నీకేమన్నా బాకీ ఉన్నానా, పా?"
నలభై చొక్కాలు అన్నాను.
నోట్లో పట్టుకున్న గుండుసూది జారినట్టు జారింది మాట.
అంగరక్షకుడు కదిలాడు.
అతను చెయ్యెత్తి ఆపి, పెద్దగా నవ్వి,
"మంత్రివర్గంలో చర్చిస్తాం" అన్నాడు.
నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏం చేస్తాను.

కోటు డబ్బు కవరులో వచ్చింది,
అడిగినదాని కన్నా ఎక్కువే.
ఆ పేజీ కొట్టేద్దామని పెన్ను తీసి
మళ్లీ చెవి మీద పెట్టుకున్నాను.

శుక్రవారం. టీ కొట్లో టీవీ ముందు వీధి వీధంతా.
కసావా ఆకు వండుతున్న సోంపా
గరిటెతోనే వచ్చి నిలబడింది.
వాళ్ల తమ్ముడు ఆ పేజీలో పదిహేడో పేరు.
"కోటు బాగా కుదిరింది" అంది.
అంతే అంది.

భుజాలు రెండూ సమంగా ఉన్నాయి.
ప్రజల ప్రాణాలకి, అంటూ కుడి చెయ్యి ఎత్తాడు.
దూది జరిగింది.
కోటు ఆ వైపు చెవి దాకా లేచి
ఆంబోతు మూపురంలా ఉబ్బింది.
ఎవరూ గమనించలేదు, అందరూ పెదాలే చూస్తున్నారు.

చంక కింద అరంగుళం వదలాల్సింది.
తుపాకీ మోసిన భుజం కదా,
అంత పైకి లేస్తుందనుకోలేదు.