తలుపు వెనక మనిషి

ఇల్లు లేదు, గోడ లేదు,
తలుపొక్కటే ఉంది.
అది పడిపోకుండా పట్టుకున్నది నేను.

సెమీఫైనల్ బెజవాడలో అన్నారు.
గురునానక్ కాలనీ వెనక కల్యాణమండపంలో
పెళ్లి డెకరేషన్ ఊడదీసిన మర్నాడే సెట్టు వేశారు.
మూలల్లో ఇంకా తలంబ్రాల బియ్యం,
బూటు కింద పడితే కరకరమనేవి.
లోకల్ డాన్సర్లు పన్నెండుమంది కావాలన్నారు.
తలకి ఏడొందలు, మధ్యాహ్నం పులిహోర పొట్లం.

ఒన్ టూ త్రీ, ఒన్ టూ త్రీ
అంటూ చిటికెలేశాడు హైదరాబాద్ మాస్టరు.
ఇది వాల్ట్జ్, ఊరేగింపు కాదు, నేల అదరకూడదు.
కూచిపూడి రెండేళ్లు నేర్చి ఫీజు కట్టలేక మానేసిన కోటేశ్వరి
పెదాలు కదపకుండా తకిట తకిట అనుకుంది.
మిగతావాళ్లం ఆమె మడమలు చూసి పట్టేశాం.

తర్వాత లాంతర్లు పంచారు.
బాజీకి ఒకటి, కోటేశ్వరికి ఒకటి,
అలా పదకొండు.
నా దగ్గరికొచ్చేసరికి మాస్టరు ఆగి
భుజం నొక్కి చూశాడు.
గొల్లపూడి మార్కెట్లో కందిపప్పు బస్తాలు దించే భుజం.
"నువ్వు తలుపు" అన్నాడు.

ఏసుపాదం అని చెప్పాను.
కాగితం మీద రాసుకున్నాడు, పక్కనే
తలుపు అని కూడా.

ఆటోనగర్ పాత కలప కొట్టు నుంచి అద్దెకు తెచ్చారట,
రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయిన ఏ ఇంటిదో.
పెచ్చులూడిన నీలం రంగు.
గడియ కింద పోలియో చుక్కలవాళ్లు
సుద్దతో రాసిపోయిన అంకెలు: మూడుకి మూడు.
తుడవబోతే ఆర్ట్ డైరెక్టరు అరిచాడు,
"ఉండనీ, ఫీలుంది."

కథేమిటంటే, ఆమె తలుపు తీసుకుని వానలోకొస్తుంది,
అతను గొడుగుతో ఎదురొస్తాడు.
వాన పైనున్న పైపుల్లోంచి.
లైట్లు వెలిగే ముందు మూడంటే మూడు సెకన్లు
ఆమె, నేను ఒకే చీకట్లో నిలబడ్డాం.
ఆమె మడమకి ప్లాస్టరు, దాని అంచున రక్తం.
"అన్నా, గట్టిగా పట్టుకో,
రిహార్సల్లో ఊగింది" అంది.
వెళ్లిపోయింది.

ఆ తర్వాత రెండు నిమిషాల పది సెకన్లు
నాకు కనిపించిన డాన్సంతా
తాళంచెవి కన్నంలోంచే.
గౌను అంచు ఒకసారి.
గొడుగు ముక్క.
బాజీ లాంతరు ఆరిపోతే
వాడు తొడకేసి కొట్టి మళ్లీ వెలిగించడం.

జడ్జిగారొకాయన మైకు అందుకున్నాడు.
ప్రాపర్టీలు ఎక్కువయ్యాయి, డాన్సు తగ్గింది,
లాంతర్లూ గొడుగూ తీసేస్తే ఏం మిగిలిందమ్మా,
అర మార్కు కోస్తున్నానన్నాడు.
పక్కనున్నావిడ మాత్రం లేచి నిలబడింది.
"కానీ ఆ తలుపు! అది మూడో డాన్సరు సార్!"
హాలంతా చప్పట్లు.
నేనూ కొడదామనుకున్నా.
చెయ్యి ఖాళీ లేదు.

ఆదివారం రాత్రి టీవీలో వేశారు.
సింగ్‌నగర్‌లో మా గదినిండా జనం.
"ఏడిరా, నువ్వేడీ?" అంది అమ్మ.
తలుపు చూడమన్నా.
"తలుపు కనపడతానే ఉంది, నువ్వేడీ?"
అప్పుడే తలుపు అంచు దగ్గర
నాలుగు వేళ్లు, కళ్లు ఆర్పేంతసేపు.
బస్తా పడి నల్లబడిన గోరు ఒకటి.
"అదిగో, ఆ గోరు మావోడిదే"
అని అమ్మ పక్కింటి మాబున్నీ మోకాలు గట్టిగా చరిచింది.

ఆ నెల్లోనే ఆటోనగర్లో సరుకు దించే పని పడింది.
కలప కొట్టు ముందు నిలబెట్టుంది నా తలుపు.
అంకెల పక్కన కొత్త సుద్ద రాత:
టీవీలో వచ్చినది.
రేటు రెండు వేలు పెంచాడట.
చెయ్యి ఊరుకోలేదు,
పక్కకెళ్లి భుజం ఆనించాను, కాళ్లు ఎడం చేసి,
లోపలెక్కడో తకిట, తకిట.

కొట్టతను టీ తాగుతూ నవ్వాడు.
"వదిలెయ్ అన్నా, పడదులే,
దాని వెనక గోడుంది."