మరి పోటూ పాటూ

మొదటి పుస్తకంలో థోరా
ఆకాశానికి రెండు చందమామల్ని వేలాడదీసింది,
అట్ట మీద బొమ్మకి బాగుంటుందని.
ఎవరూ ఏమీ అనలేదు.
స్ట్రామ్‌నెస్ రేవులో ముప్పై ఏళ్లుగా
మోకులు విప్పి కట్టేవాణ్ణి,
నేనే ఒక రాత్రి నోరు జారాను:
"మరి పోటూ పాటూ సంగతేమిటి?"

పెన్ను కింద పెట్టింది.
మూడు రోజులు నాతో మాటల్లేవు.
నాలుగో రోజుకి వంటింటి గోడ నిండా అలల లెక్కలు,
పటం మీద గుండ్రంగా టీ మరకలు.
వాటిలో ఒకటి తర్వాత ద్వీపమైంది.

రెండో పుస్తకం అలా మొదలైంది.
ఇప్పుడక్కడ అప్పులు తీర్చేది జంటపోటు నాడే.
చిన్న చందమామ అమావాస్యకి పుట్టిన పిల్లలకి
ఉప్పు పన్ను లేదు.
సముద్రం నలభై బారలు వెనక్కి తగ్గిన తెల్లవారుజామున
ముసలమ్మలు చీపుళ్లతో దిగి
మునిగిన ఊరి గడపలు కడిగి వస్తారు.

మూడు కోటలు కూల్చిన కైవెన్
ఇక్కడ పదకొండు రోజులు రేవులో కూర్చుంటాడు.
పోటు రాదు. కత్తికి తుప్పు పడుతుంది.
ఆకలేస్తే అడగడం రాదు వాడికి,
పుట్టి బుద్ధెరిగి ఆజ్ఞాపించడమే తప్ప.
ఆరో రోజు, వల అల్లే పిల్ల ముందు
రొట్టెముక్క కోసం వాడు నోరు తెరవడానికి
థోరాకి పద్నాలుగు పేజీలు పట్టింది,
ఒక చలికాలం కూడా.
"రాజ్యం అడగమను, ఒక్క ముక్కలో అడుగుతాడు" అని విసుక్కుంది.

లండన్ నుంచి ఎడిటర్ ఉత్తరం:
మధ్యలో కథ కదలడం లేదు,
చిన్న యుద్ధమైనా పెట్టకూడదా అని.
చదివి, నాలుగు మడతలు పెట్టి
ఊగే బల్లకాలి కింద దోపింది.
బల్ల కదలడం మానేసింది.

నిన్న రాత్రి డ్యూటీలో, హోయ్ వైపు నుంచి ఈదురుగాలి,
ఇరవై మూడో అధ్యాయం తీశాను.
పడవవాడొకడు వస్తాడు.
పేరు లేదు. ఎడమ మోకాలు సరిగా వంగదు.
కైవెన్ తొందరపెడుతుంటే
తలెత్తకుండా, మోకు చుట్టుకుంటూ అంటాడు:
"మరి పోటూ పాటూ సంగతేమిటి?"

కాగితాలు కోటు లోపల దాచి
నా మోకాలు ఒకసారి వంచి చూసుకున్నాను.

పొద్దున ఇంటికి చేరేసరికి
బల్ల మీద మూడో పుస్తకం నోట్సు.
పేజీ నడుమ నిలువు గీత,
పోయేవాళ్లు ఇటు, మిగిలేవాళ్లు అటు.
పడవవాడు ఇంకా గీత మీదే ఉన్నాడు.
నేనేం అడగలేదు.
ఆమె నావైపు కాస్త ఎక్కువసేపే చూసి
కంచంలో ఇంకో చేపముక్క వేసింది.