ఊడ్చినవి

జనవరిలో ఇద్దరే వచ్చారు.
కప్పు కారుతుంటే మూడు బకెట్లు పెట్టాను.
టెగ్వెన్ టీచరు గీయమన్నది బల్లమీది ఆపిల్‌ని,
ఇద్దరూ బకెట్‌నే గీశారు.
ఒకరి బకెట్‌లో చినుకు పడింది,
ఇంకొకరి దాంట్లో పడబోతోంది.
ఆ తేడా ఏమిటో ఇంటికి చేరేదాకా ఆలోచించాను.

నేనిక్కడ చీపురువాణ్ణి, తాళాలవాణ్ణి.
ఒకప్పుడు ఈ షెడ్డులోనే మా నాన్న
వేల్స్ కొండ కడుపులోంచి వచ్చిన నల్లరాయికి
ఉలి ఆనించి, ఒక్క తట్టు తట్టి
పుస్తకం పేజీల్లా విప్పేవాడు.
ఎక్కడెక్కడి ఇళ్ళకో కప్పు మా ఊరి పలక.
ఆయన ఊపిరితిత్తుల్లో మిగిలిందీ అదే.
గని మూశాక ఇరవై ఏళ్ళు
ఈ షెడ్డు ఎవరు పిలిచినా పలకలేదు.
ఇప్పుడు తలుపుమీద పసుపురంగు అక్షరాలు:
అన్ని వయసుల వారికీ.

నిన్న ఇక్కడేం జరిగిందో
తెల్లారి నేలను చూసి చెప్పగలను.
మంగళవారం పసిపిల్లలు:
బంకమట్టి, బిస్కెట్ పొడి,
ఎడమకాలి మేజోడు ఒకటి. మేకుకి తగిలించాను.
గురువారం నేత: ఉన్నిపోగులు, అన్నీ ఆకుపచ్చవే,
నెరిస్ ఇంకో రంగు ముట్టదు.
ఆమె భర్త కోటు ఏ రంగో మా అందరికీ గుర్తే,
అందుకే ఎవరం అడగం.
శుక్రవారం నాటకంవాళ్ళు ఏమీ వదలరు,
మాటలు తప్ప. అవి చీపురుకి అందవు.

మార్చిలో కుమ్మరిసారె వచ్చింది.
ఎనభై నాలుగేళ్ళ ఇడ్వాల్‌కి
తొమ్మిదేళ్ళ మబ్లీ పాఠం చెప్పింది:
"అంత గట్టిగా పట్టుకోకు తాతా, మట్టి భయపడుతుంది."
నలభై ఏళ్ళు కొండకి మందుపాతర పెట్టిన చేతులు
వణకడం మానలేదు.
ఆ వణుకే గిన్నె అంచున అలగా నిలిచింది.
ఆవంలో పగిలిపోయింది గిన్నె.
ఆయన ముక్కలు లెక్కపెట్టి
"ఐదు" అన్నాడు, ఆస్తి పంచుతున్నట్టు.
ఒకటి నా జేబులో ఉంది.

ఆగస్టు సంగతి నాకు తెలియదు.
మోకాలి ఆపరేషను.
ఆ నెల ఎవరు ఊడ్చారో గానీ
మూలల్లో ఇంకా చెమ్కీ దొరుకుతోంది.

సెప్టెంబరులో అలెప్పో నుంచి వచ్చిన హనాదీ
రెల్లుకలంతో కుడినుంచి ఎడమకి రాయడం నేర్పింది.
మా ఊరి పేరు మొదట్లో
నాలుక పక్కనుంచి గాలి వదిలే అక్షరం ఆమెకి రాలేదు.
గొంతు అడుగునుంచి తీసే ఆమె అక్షరం మాకు రాలేదు.
ఆ సాయంత్రం తరగతంతా తుంపర్లు, నవ్వు.
పొద్దున ఊడుద్దామని వస్తే
నేలమీద సిరా ఎండి, చిన్న పడవలా ఉంది.

నవంబరులో షెడ్డు వెనక తుక్కు గుట్ట నుంచి
తలా ఒక పలక ముక్క ఏరుకున్నారు, ప్రదర్శనకి.
"హెవిన్, నువ్వూ ఒకటి చెయ్యి."
నాకేం వచ్చు?
నాన్న ఉలి తెచ్చాను. ఒక్క తట్టుకి రాలేదు, ఏడు పట్టింది.
విచ్చుకున్నాక లోపలి ముఖం కనిపించింది,
కొండ పుట్టినప్పటినుంచీ ఎవరూ చూడనిది,
తడిగా ఉన్నట్టుంది, కానీ తడి లేదు.
దానిమీద ఏం రాయడానికీ చెయ్యి రాలేదు.
ఖాళీగానే పెట్టి, పక్కన చీటీ అంటించాను: తాకండి.

డిసెంబరు ఆఖరి రాత్రి
దీపాలార్పేముందు గుడ్డ తడిపి బయల్దేరాను.
బల్లలు తుడిచాను. గాజు తుడిచాను. సింకు తుడిచాను.
పలకమీద వేలిముద్రలు:
చక్రాలకుర్చీ ఎత్తులో కొన్ని,
ఇంకా కింద, జిగటగా, జాము వాసనతో కొన్ని,
ఒకచోట ఆకుపచ్చ ఉన్నిపోగు.

గుడ్డ పిండి ఆరేశాను.

మేజోడు ఇంకా మేకునే ఉంది,
ఆ కాలు ఈపాటికి పెరిగిపోయి ఉంటుంది.
బకెట్లు ఎక్కడ పెట్టానో వెతకాలి.