ఎర్ర లైటు

రోహిణి కార్తె. మధ్యాహ్నం రెండున్నర.
ఆటోనగర్ రేకుల షెడ్డులో
స్పానర్ పట్టుకున్నా చురుక్కుమంటోంది.

పెనమలూరు నుంచి వచ్చాడు సువర్ణరాజు.
డిక్కీ తెరవకముందే వాసన.
కాలిన వైరుది కాదు, కాలబోయే వైరుది.
రెంటికీ తేడా మీరావలీ మాస్టారికి తెలుసు.

"యాంపు చచ్చిపోయిందన్నా.
పాట మధ్యలో ఆగి ఎర్ర లైటు వెలుగుతోంది."
"చావలా. అలిగింది."

దొంగల కంట పడకూడదని
పాత రగ్గు నాలుగు మడతలేసి చుట్టాడు దానికి.
మాస్టారు ముసుగు లాగేసి
దాని వీపు మీద చెయ్యి తిరగేసి ఆనించి, చటుక్కున తీసి,
"ఈ ఎండలో నీకు రగ్గు కప్పితే
పాడతావంట్రా నువ్వు?"

బ్యాటరీ పక్కన, ఫ్యూజు ఉండాల్సిన చోట
సిగరెట్ పెట్టెలోని వెండికాగితం.
అది చూశాకే ఆయనకి నిజంగా కోపమొచ్చింది.
"ఫ్యూజు పోవడానికే పుట్టిందిరా, పోనీ.
అది పోకపోతే బండి పోద్ది. లోపల నువ్వు."

సన్నతీగ పీకి లావుతీగ లాగాం.
ఎర్తు బోల్టు కింద రంగంతా
ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్దాను.
యాంపుని చెక్కమీద నిలబెట్టి
చుట్టూ నాలుగువేళ్ల సందు వదిలాం,
గాలి నడవడానికి.

గెయిన్ తిప్పేటప్పుడు మాస్టారు పాట వినడు.
ముప్పై ఏళ్ల మోతకి కుడిచెవి ఎప్పుడో పోయింది.
తలుపు మీద అరచెయ్యి పెడతాడు.
గొంతు చీరుకుపోయే ముందు రేకు ఒకలా వణుకుతుందట.
అక్కడ ఆగి, వెంట్రుకవాసి వెనక్కి.

"ఇంకొంచెం పెంచన్నా, బెంజిసర్కిల్ దాకా వినపడాలి."
"బెంజిసర్కిల్ నిన్నడిగిందా?"

తాళాలిస్తూ చెప్పాడు:
"ఎండలో ఆపిన బండి ఎక్కగానే పెట్టమాక.
అద్దాలు దించు. రెండు నిమిషాలు పోనీ.
లోపలి వేడి దిగాక, అప్పుడు పాట."

డబ్బులు లెక్కపెడుతూ పెడుతూ
గోడకి జారిపోయాడు మాస్టారు.
పొద్దున్నించీ ఒక సోడా, రెండు బీడీలు, అంతే.
చొక్కా గుండీలు విప్పి, తడిగుడ్డ వేసి,
ఫ్యాను ఇటు తిప్పాను.
వీపు మీద చెయ్యి తిరగేసి ఆనించాను.
పెనం.

నాలుగు గుక్కలు నీళ్లు దిగాక కళ్లు తెరిచాడు.
"ఎర్ర లైటా?"
"ఊఁ."
"ఇవాళ్టికి కట్టేయ్."

షట్టర్ సగం దించాను.
బయట సువర్ణరాజు బండి మలుపు తిరుగుతోంది,
నాలుగు అద్దాలూ దించుకుని,
ఇంకా ఏ పాటా లేకుండా.