పదకొండు హెక్టార్లు

సలూమ్ నది సముద్రంలోకి చీలికలైపోయే చోట
నా చేతిలో జీపీఎస్ అయిదు మీటర్లు తడబడుతోంది.
సిగా అత్త తడబడదు.
మోకాలి లోతు బురదలో నిలబడి
మడవేళ్ళ మీది ఆల్చిప్పల్ని కత్తితో చెక్కుతూ
"ఏం రాసుకుంటున్నావే తెనింగ్?" అంటుంది
తల తిప్పకుండా.

రాయడం కాదత్తా, కొలుస్తున్నా.

డకార్‌లో, ఏసీ గదిలో,
ఈ అడవంతా పది మీటర్ల గళ్ళు.
ఆకుపచ్చయితే చెట్టు, నీలమైతే నీళ్ళు,
బూడిదరంగయితే ఏమీ లేదు.
"ఏమీ లేదు"కి మా పట్టికలో అంకె నాలుగు.

ఏం ఉద్యోగమో అమ్మకి చెప్పడానికి మూడేళ్ళు పట్టింది.
"మ్యాపులా? దారి తెలియనివాళ్ళకా?"
అవునమ్మా, దారి తెలియనివాళ్ళకే.
వాళ్ళలో చాలామంది ఆఫీసుల్లో ఉంటారు.

రేవు పక్కన బోర్డు ఇంకా ఉంది:
నలభై హెక్టార్లు నాటాం, అని.
కొత్త బూట్ల అతిథులు వంగి
మునక్కాయల్లాంటి మొలకల్ని వరసగా గుచ్చిన రోజు
ఫోటోలున్నాయి, అన్నం పొట్లాలున్నాయి.
"అక్కడొద్దు, అది పర్ర నేల, ఎండాకాలం ఉప్పు తేలుతుంది"
అని ఆడవాళ్ళు చెప్పారట.
కానీ లారీ వెళ్ళగలిగింది అక్కడికే.

ఆరేళ్ళ తర్వాత
అప్పటి చిత్రం మీద ఇప్పటి చిత్రం పరిచాను,
తడిబట్ట మీద పొడిబట్ట పరిచినట్టు.
నాటిన చోటల్లా
నాలుగు, నాలుగు, నాలుగు, నాలుగు.
బతికింది మూడు హెక్టార్లంది ఉపగ్రహం.

ఆ కాగితమే అత్తకి చూపించాను.
చదవదు. చూస్తుంది.
వేలితో ఒక వంపు దగ్గర ఆగింది.
"ఇది చచ్చిపోలేదు. మునిగింది.
మీ పైనున్న కన్ను పోటులో చూసిపోయింది.
ఆటులో రమ్మను."

రమ్మంటే రాదు కదా అది, దాని కక్ష్య దానిది.
అందుకని మేమే వెళ్ళాం.
వాలీ పడవ, అత్త ముందు, ఆమె కోడలు తోకన్,
మధ్యలో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ల్యాప్‌టాప్.
ఆటు తీసినప్పుడల్లా గడి తర్వాత గడి
నడిచాం, దిగబడ్డాం, లాక్కున్నాం.
తొమ్మిది రోజులు.
ఎడమ చెప్పు ఆ బురదలోనే ఉంది,
దాని అక్షాంశ రేఖాంశాలు నా దగ్గరున్నాయి.

పదకొండు.
బోర్డు చెప్పిన నలభై కాదు,
ఆకాశం చెప్పిన మూడూ కాదు.

లాతిర్ గారు మంచివాడే.
"ఇరవై అందాం, ఇంకా ఎదుగుతాయిగా" అన్నాడు,
"గీత కొంచెం నునుపు చెయ్యి."
మౌస్ కింద ఆ గీత ఎంత మెత్తగా ఉంటుందో!
ఒక్క బిందువు పట్టి లాగితే చాలు
లేని అడవి మొలిచేస్తుంది,
వచ్చే ఏడాది నా కాంట్రాక్టుతో సహా.

లాగానా?
ఒకసారి లాగాను.
ఎలా ఉంటుందో చూద్దామని.
తెర మీద పచ్చగా, అందంగా ఉంది.
తర్వాత వెనక్కి తెచ్చాను.
ఎన్నిసార్లు నొక్కానో లెక్కలేదు.

పట్టికలో కొత్త నిలువు వరస ఒకటి చేర్చాను.
పేరు పది అక్షరాలు దాటకూడదంది సాఫ్ట్‌వేర్.
"ఎవరన్నారు" అని పెట్టాను.
లాతిర్ గారు అద్దాలు పైకెత్తి
"ఇదెందుకు, ఎవరడిగారు?" అన్నాడు.
ఎవరూ అడగలేదు.

సిగా. సిగా. తోకన్. సిగా.
వాలీ, అర్ధరాత్రి వల వేస్తూ.
మళ్ళీ సిగా.

నాలుగొందల పన్నెండో గడి దగ్గర మాత్రం
ఎవరూ ఏమీ అనలేదు.
పడవ దూరంగా ఉంది, పోటు మొదలైంది,
నీటి కింద కాలికి ఏదో గుచ్చుకుంది.
వంగి తడిమితే
రెండాకుల మొలక.

అక్కడ నా పేరు రాసుకున్నాను.