రెండు వేళ్ళ గుడ్డ

ఇంగ్లీషు సారు రాసుకొని రమ్మన్నడంట,
లూజ్ అనే విశేషణానికి ఐదు వాక్యాలు.
మిషను పక్కన బోర్ల పండుకొని
పెన్సిలు నములుకుంట అడుగుతది మా సుప్రియ:
"లూజంటే ఏందమ్మా?"

ఎనిమిదిల బడి బందు జేసిన నన్నడిగితే ఏం జెప్త.
అయినా ఈ మాట నాదే.
దేవరకొండ బస్టాండు వెనక
ఆరడుగుల డబ్బాల కూసొని
పన్నెండేండ్ల సంది దీని మీదనే బతుకుతున్న.

రాసుకో.
కిరాణం దుకాణంల సంచిలకెళ్ళి తీసి
కాగితంల కట్టిచ్చే చాపత్త లూజు.
ప్యాకెట్టు కన్న నాలుగు రూపాయలు తక్కువ,
అండ్ల దుమ్మెంతనో ఆ సేటుకే ఎరుక.
మన బల్బు మినుకుమంటే
లైన్మెన్ కింది పిలగాడు స్తంభం కాడ నిలబడి
"కనెక్షన్ లూజున్నదక్కా" అంటడు,
కట్టెతోని ఒక్కటి కొడ్తడు, వెలుగుతది.
మామిడిపండ్లు మస్తుగ తిన్ననాడు
మీ తమ్మునికి అయినయి జూడు, అవి గూడ లూజే.
అది రాయకు, క్లాసంత నవ్వుతది.
ట్యాంకర్ సైదులును అందరు లూజంటరు.
ఎండకాలం ఒకనాడు పైసలడగకుంట
మన గల్లి బిందెలన్ని నింపిపోయిండు గదా,
అందుకు.

"ఇన్నిటికి ఒక్కటే మాటనా?"
బిర్రుగ లేనిదేదైనా అంతే బిడ్డా.

అప్పుడే ఇద్దమ్మత్త మెట్టెక్కింది.
కవరుల నుంచి పచ్చ జాకెటు తీసి
మిషను మీద పెట్టి
"మళ్ళ లూజైంది" అన్నది,
తప్పు తనదే అయినట్టు.

ఉగాదికి ముప్పై ఆరు.
బోనాలకు ముప్పై నాలుగు.
ఇయ్యాల టేపు చుట్టి చూసిన అంకె
నోటితోని చదువలేదు,
సుద్దముక్కతోని చిన్నగ రాసుకున్న.
తిరగేస్తే లోపల పాత కుట్లు,
డిండి నీళ్ళు దిగినంక
బండ మీద మిగిలిన గీతల లెక్క.

"నల్లగొండ దవాఖానల మందు మార్చిన్రు."
"ఆకలైతుందా అత్తా?"
"అయితది లే."
గాజు మోచేతి దాక జారి ఆగింది.

మన దాంట్ల మంచి మాటుంది దీనికి, వదులు.
మా అమ్మ అదే అనేది.
ఈమె ముందల నేను ఎన్నడనలేదు.
ఆ మాట ఇంకో పని గూడ చేస్తది.
మా ఆయన మంచం కాడ
నా చెయ్యి పట్టి చెప్పిన్రు పెద్దమనుషులు,
ఇగ వదులు, అని.
లూజుకు ఆ రెండో మొఖం లేదు.
అప్పు తెచ్చుకున్న మాటే గానీ
అందుకే పదిలంగ వాడుకుంట.

"అమ్మా, డిక్షనరీల ఇంకోటున్నది,
తాడు తెంపుకున్న కుక్కను గూడ లూజే అంటరంట.
విడిచిపోయిన, అని రాసిన్రు."

మిషను చక్రం మీద చెయ్యి ఆగింది.
ఉండనీ. అది రాయకు.

మిగులు గుడ్డ కత్తిరిస్తే కుట్టు సాపుగ కూసుంటది.
కొత్తగ నేర్చినోళ్ళు గట్లనే చేస్తరు.
నేను కొయ్య.
రెండు పక్కల రెండు రెండు వేళ్ళ గుడ్డ
లోపలికి మడిచి, పెద్ద కుట్టేసి పెట్టిన.
"సంకల కాడ ఒరుసుకుంటదేమో, ఓర్చుకో అత్తా.
రేపు ఒళ్ళు జేసి పట్టలేదని వస్తవు,
ఇప్పియ్యాలె గదా."

ఇద్దమ్మత్త నవ్వింది.
ఇరవై రూపాయల నోటు
నేను వద్దన్నా సూదుల డబ్బా కింద పెట్టి
గోడ పట్టుకుంట మెట్టు దిగింది.

"దీనికి ఉల్టా మాట ఏందమ్మా?"
టైటు.
అది రేపు రాద్దువు గానీ, ముందు
ఈ సూదిల దారమెక్కియ్యి,
నాకు కనపడ్తలేదు.