తువ్వాల కింద

ఫర్హానా మేడం బోర్డు మీద
నాలుగు గదుల డబ్బా గీసింది.
ఇద్దరు వ్యాపారులు, ఇద్దరికీ రెండేసి తోవలు.
ఒకని మనసుల ఏమున్నదో ఇంకొకనికి ఎరుక లేదు,
ఎరుక లేదన్న సంగతి మాత్రం ఇద్దరికీ ఎరుకే.
రాసుకుంట రాసుకుంట అక్కడ ఆగిన.
ఈ డబ్బా నాకు తెల్సు.
మా ఇంట్ల అది దండెం మీద ఆరేసి ఉంటది,
ఎర్రంచు తువ్వాల.

మా నాయిన కుర్మయ్య, దేవరకద్ర అంగడిల ఎడ్ల దలారి.
బుధవారం తెల్లారకముందే
దాన్ని భుజం మీద ఏసుకొని పోతడు.
అమ్మేటోని చెయ్యి, నాయిన చెయ్యి
దాని కింద కల్సుకుంటయి.
పైన మొకాలు వానల గురించి మాట్లాడుతుంటయి,
కింద వేళ్లు వేలు లెక్కబెడుతుంటయి.
ఒక వేలంటే వందనో, వెయ్యో, పదివేలో
ఆ ఇద్దరికే తెల్సు.
పక్కన నిలబడ్డ ఎద్దుకు గూడ తెల్వదు
తన ధర.

సెమిస్టర్ ప్రాజెక్టుకని నేనూ పోయిన,
నోటుబుక్కు పట్టుకొని.
"మా బిడ్డ బేరం సదువుతుంది" అన్నడు నాయిన.
అట్లాంటి సదువొకటుంటదా అన్నట్టు నవ్విండ్రు.
నేను రాసుకున్న:
పండ్లు చూసుడు, వయసు దాచలేరు కాబట్టి.
కొమ్ములు గీకి నూనె రాసుడు, మిగతాది దాచొచ్చు కాబట్టి.
సుడులు. వీటికి పాఠంల జాగ లేదు.
"వారం రోజులు కాడి కట్టి చూసుకో,
నచ్చకుంటే మళ్ల తోలుకరా" అనెటోడు:
అదే మేడం చెప్పిన సంకేతం,
చెడ్డ ఎద్దు ఉన్నోడు ఆ మాట అనలేడు.

దాచుడు లాభం కోసమేనా అని అడిగిన.
బీడీ ఆర్పి చెప్పిండు నాయిన:
"ఎంతకు దిగిండో ఊరందరికీ తెలిస్తే
అమ్మినోడు ఇంటికి ఎట్ల పోతడు బిడ్డా?"
ఇది ఏ చాప్టర్ల రాయాల్నో తెల్వక
అంచుల రాసుకున్న, పెన్సిలుతోని.

పొద్దు నడినెత్తికి వచ్చినంక సాయమ్మ వచ్చింది,
కోయిలకొండ దిక్కు నుంచి, ఒక్క ఎద్దును తోలుకొని.
జోడుది పాము కరిచి పోయిందట.
కొనెటోడు నోరు తెరిచి పండ్లు చూడకముందే
తనే చెప్పింది:
"దాపటికే నడుస్తది.
ముసురు పడితే ఎనక కాలు కుంటుతది."
తువ్వాల కింద నాయిన ఆమె చెయ్యి నొక్కిండు,
ఊకో అని.
ఆమె ఊకోలే.

పుస్తకంల అయితే
నిజం చెప్పినోళ్లకు ధర నిలబడాలె.
దేవరకద్రల నాలుగు వేలు తగ్గింది.
పైసలు కొంగుల ముడేసుకొని,
ఎద్దు నొసలు ఒక్కసారి నిమిరి, బస్సెక్కింది.

పై బుధవారం ముగ్గురొచ్చి అడిగిండ్రు:
"ఉన్నదున్నట్టు చెప్పిన ఆ అవ్వ యాడున్నది?
ఆమె ఎద్దయితే కండ్లు మూసుకొని కొంటం."

మళ్ల మళ్ల ఆడే ఆటల మంచిపేరే పెట్టుబడి అని
పరీక్షల రాసిన.
పదికి ఎనిమిది వేసింది మేడం.
సాయమ్మ దగ్గర ఇంకో ఎద్దు లేదని
రాయడానికి
ఆ ప్రశ్న కింద జాగ ఇయ్యలే.

మొన్న, ఫీజు కట్టే ఆఖరు తేదీకి ముందురోజు.
నోటితో అడగబుద్ధి కాలే.
బువ్వ తిని బయట కూసున్న నాయిన పక్కకు పోయి
తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీద కప్పిన.
నవ్విండు.
"మనిద్దరి నడుమ వేలంటే వెయ్యి" అన్నడు.
కట్టాల్సింది ఆరు.
ఆయన ఐదు వేళ్లూ పట్టి, మళ్ల రెండు నొక్కిన.
తగ్గిస్తడని తెల్సు, అందుకే ఏడు.
కర్నూలు దిక్కు రైలు పోయేదాక ఏమనలే.
ముందుకు చూసుకుంటనే
ఈసారి మిరుగు కార్తె ఎట్లుంటదో అన్నడు.
కింద నా ఐదు వేళ్లు పట్టి
మళ్ల ఒక్కటి నొక్కిండు.

నా ఎత్తు ఆయనకు తెల్సో,
అలవాటు కొద్ది ఒక వేలు తగ్గించిండో,
ఇప్పటిదాక నాకు తెల్వదు.
తువ్వాల దులిపి భుజం మీద ఏసుకొని
అమ్మను చాయ పెట్టమన్నడు.